గర్భిణి కటిబాధ - చేతి చికిత్స

(గ్రంథాలయ రజతోత్సవములలో, మహిళా సభ నాడు ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడుమని మీ కార్యదర్శిగారు కోరినప్పుడు ఏ విషయమును గురించి చెప్పవలెనని వారిని అడిగితిని. "మీ ఇష్టము, కాని మా ఇండ్లలోని ఆడవారికి పనికివచ్చునది కావలెను" అని వారు సెలవిచ్చిరి. రజతోత్సవ సభలలో పుస్తకముల గొప్పతనమును గురించియు, దాతల ఔదార్యమును గురించియు చెప్పుట వాడుక. అది చెప్పదగినవారు వేదికమీద పలువురున్నారు. నేను ఒక నొప్పిని గురించి చెప్పదలచితిని. శుభకార్యములో నొప్పి ప్రసక్తి యేమని పెద్దలు అనుకొనవచ్చును. కాని ఆ నొప్పిని అనుభవించు మనిషి ఈ ఊరి ప్రతి వీధిలోను ఏదో ఒక సంవత్సరమున ఉండియే తీరును. దానికి ఒక పేరున్నదనియు, కొంత ఉపాయమున్నదనియు ఆమెకు తెలియదు. తెలియని సంగతిని తెలిసినదానిగా చేయుటకే గదా గ్రంథాలయము పుట్టినది.

మొదట నా తప్పు నొకదానిని మీ యెదుట ఒప్పుకొందును. నేను వైద్యము ప్రారంభించిన క్రొత్తలో, ఏడవ నెల గర్భముతో ఉన్న ఒక అమ్మాయి నా యొద్దకు వచ్చినది. పొత్తికడుపు క్రింది ఎముక దగ్గరను, వెనుక పిరుదుల పైభాగమునను నొప్పి యనియు, రాత్రి ప్రక్క మారవలెనన్న ప్రాణము పోవుచున్నదనియు చెప్పినది. నేను రక్తపుపోటు చూచితిని. బిడ్డ గుండె చప్పుడు వింటిని. అన్నియు సరిగా ఉన్నవి. "ఇవన్నీ మామూలేనమ్మా, కాన్పు కాగానే పోతాయి, కాస్త ఓర్చుకో" అని పంపివేసితిని. మూడు వారముల తరువాత ఆమె అత్తగారు ఒంటరిగా వచ్చి నా యెదుట నిలబడి, "డాక్టరమ్మా, మీరు మామూలే అన్నారు. మా కోడలు రాత్రిపూట పెరట్లోకి పాకుతూ పోతోంది. ఇదీ మామూలేనా?" అని అడిగినది. నా యొద్ద జవాబు లేదు. ఆనాడు నేను బిడ్డను చూచితిని గాని తల్లిని చూడలేదు. ఆ తరువాతనే ఈ విషయమును శ్రద్ధగా చదువుటకు ప్రారంభించితిని. ఆ చదివినదానిని, చూచినదానిని నేడు మీతో పంచుకొందును.

నడుమునకు క్రిందను, తొడలకు పైనను, గంపవలె ఉండు ఎముకల కూర్పును కటివలయ మందురు. వెన్నెముక అడుగున ముక్కోణాకారముగల త్రికాస్థి యున్నది. దానికి ఇరుప్రక్కల రెండు తుంటి ఎముకలున్నవి. ఈ తుంటి ఎముకలు వెనుకవైపున త్రికాస్థితో రెండు కీళ్ళ యొద్ద కలియును. ముందువైపున, పొత్తికడుపు క్రింద, మృదులాస్థి యను మెత్తని ఎముక నడుమనుండగా ఒకదానితో నొకటి కలియును. అనగా వలయమున మూడు కూడళ్ళు. పై శరీరపు బరువంతయు ఈ వలయము మీదుగా కాళ్ళకు దిగుచుండును. మనము అడుగు తీసి అడుగు వేయు ప్రతి పర్యాయమును ఆ బరువు ఒక కాలినుండి మరొక కాలికి మారును.

ముందరి కూడలిలోని సందు మామూలు కాలమున 4 లేక 5 మిల్లీమీటర్లు ఉండును. గర్భము ధరించినప్పుడు అది మరి 2, 3 మిల్లీమీటర్లు పెరుగును. బిడ్డకు త్రోవ నిచ్చుటకు ప్రకృతి చేసిన ఏర్పాటది. 10 మిల్లీమీటర్లు మించినప్పుడు మాత్రమే ఎముకలు ఎడబాసినవని వైద్యులు తలంతురు, అది అరుదు. కనుక గర్భిణికి ముందరి ఎముక దగ్గర నొప్పి కలిగినంత మాత్రమున ఎముక విరిగినదనియో, తొలగినదనియో భయపడ నక్కరలేదు.

మరి నొప్పి యెందుకు కలుగును? గడ్డిబండిని తలచుకొనుడు. ఎంత నేర్పుతో గడ్డి పేర్చినను, పైన మోకు బిగించి కట్టినగాని మోపు నిలువదు. కటివలయమున ఎముకల పొందిక ఆ పేర్పు వంటిది. నరములవలె గట్టిగా నుండు బంధనములును, కడుపు, వీపు, పిరుదుల కండరములును మోకు వంటివి. గర్భకాలమున రిలాక్సిన్ మొదలగు హార్మోనుల వలన బంధనములు కొంత వదులగును. కడుపు ముందునకు పెరుగుట చేత బరువు నిలుచు తీరు మారును. అప్పుడు కండరములు ఎక్కువ పని చేయవలసి వచ్చును. వలయములో ఒకప్రక్క కీలు ఎక్కువగాను, రెండవప్రక్క కీలు తక్కువగాను కదలినప్పుడు, అలసిన కండరములు బిగుసుకొని నొప్పి పుట్టించును. కేవలము హార్మోనే కారణమని చెప్పుటకు వీలులేదు. రక్తములో అది ఎక్కువగా ఉన్నవారిలో నొప్పి లేనివారు కలరు, తక్కువగా ఉన్నవారిలో నొప్పి యున్నవారును కలరు. అంతకు ముందే నడుమునొప్పి యున్నవారికి, ఎప్పుడైన పడి కటికి దెబ్బ తగిలినవారికి ఈ బాధ వచ్చుటకు అవకాశము హెచ్చు.

ఇది అరుదైన బాధ కాదు. గర్భిణులలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఇది కలుగుచున్నదని 2008లో ఐరోపా నిపుణులు కూర్చిన మార్గదర్శక పత్రము తెలుపుచున్నది. ఆ లెక్కన ఈ సభలో కూర్చున్న తల్లులలో ఎందరు ఈ నొప్పిని మౌనముగా మోసినారో మీరే తలచుకొనుడు.

దీని గురుతులు తేలికగా తెలియును. నొప్పి ముందరి ఎముక మీద గాని, వెనుక కీళ్ళ దగ్గర గాని, రెండు చోట్లను గాని ఉండును. గజ్జలకు, తొడలకు ప్రాకును. నడచునప్పుడు, మెట్లెక్కునప్పుడు, ఒంటికాలిమీద నిలిచి లంగా తొడుగుకొనునప్పుడు, మంచముపై ప్రక్క మారునప్పుడు, ఆటోలోనుండి ఒక కాలు ముందుగా దించునప్పుడు ఎక్కువగును. పరీక్ష చేయు విధములు రెండు ముఖ్యమైనవి. మొదటిదానిలో గర్భిణిని వెల్లకిల పరుండబెట్టి, మోకాలు మడిచి తొడను నిటారుగా నిలిపి, తొడ పొడవునను క్రిందికి మెల్లగా ఒత్తుదురు. ఆ ప్రక్క పిరుదులోతున తనకు తెలిసిన నొప్పియే కలిగినచో వెనుక కీలునుండి వచ్చుచున్నదని గ్రహింతురు. రెండవదానిలో కాలు చాచి సుమారు 20 సెంటీమీటర్లు పైకెత్తుమందురు; ఆ కాలు సీసమువలె బరువుగా తోచినచో కండరముల పట్టు తగ్గినదని యర్థము. ఇవి నేర్చినవారు చేయవలసిన పరీక్షలు. ఇంటిలో ఒకరిమీద నొకరు ప్రయోగింపరాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక ముందునకు పోరాదు. గర్భిణికి నడుము క్రింద కలుగు ప్రతి నొప్పియు ఈ నొప్పి కాదు. రక్తము కనబడుట, ఉమ్మనీరు కారుట, నొప్పి అలలు అలలుగా వచ్చి పోవుచు కడుపు గట్టిపడుట, జ్వరము, మూత్రములో మంట, బిడ్డ కదలిక తగ్గుట, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారుట, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపుట్టుట, తొడల నడుమ తిమ్మిరి, మలమూత్రములు తెలియకుండ పోవుట - వీనిలో ఏది కనబడినను మర్దనము, కాపడము అనుచు తడవు చేయరాదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలెను. ఈ మాటలు మీ గోడమీద వ్రాసిపెట్టుకొన్నను మంచిదే.

ఇక చేతి చికిత్స సంగతి. నేడు నేను చెప్పబోవు పద్ధతికి ఆస్టియోపతీ యని పేరు. గ్రీకు భాషలోని ఎముక, బాధ అను అర్థములు గల రెండు మాటలనుండి ఆ పేరు పుట్టినది. దీనిని ప్రారంభించినవాడు అమెరికా దేశపు వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్. ఆయన 1828లో పుట్టెను. 1864లో మెదడుపొరల వాపు వ్యాధి ఆయన బిడ్డలను ముగ్గురిని పొట్టన బెట్టుకొన్నది. తాను నేర్చిన మందులు తన బిడ్డలనే కాపాడలేకపోవుట చూచి, ఆయన అప్పటి వైద్యముపై విశ్వాసము కోల్పోయెను. శరీరనిర్మాణమును మరల మొదటినుండి పరిశీలించి, 1874లో తన నూతన పద్ధతిని ప్రకటించెను. 1892లో మిస్సోరి రాష్ట్రమందలి కర్క్స్‌విల్ పట్టణమున పాఠశాల స్థాపించి, ఆదినుండియు స్త్రీలను కూడ విద్యార్థులుగా చేర్చుకొనెను. ఆ కాలమునకు అది గొప్ప విషయము.

ఆయన చెప్పిన మాటలన్నియు కాలపరీక్షకు నిలువలేదు. సమస్త రోగములకును ఎముకల పొందికలోనే మూలమున్నదనుట నేటి విజ్ఞానము అంగీకరింపదు. అయినను కీళ్ళను, కండరములను చేతితో పరీక్షించి సడలించు నేర్పు మిగిలినది, వృద్ధి పొందినది. నేడు అమెరికాలో ఈ శాఖవారు మందులు వ్రాయుటకును, శస్త్రచికిత్స చేయుటకును అధికారము గల పూర్తి వైద్యులు. ఇంగ్లండులో 1917లో లండను నగరమున దీనికి విద్యాలయము ఏర్పడినది. 1993లో చేసిన చట్టము ననుసరించి, అక్కడ రిజిస్టరులో పేరు లేనివారు తాము ఆస్టియోపతులమని చెప్పుకొనరాదు. ఆ దేశమున వారు మందులిచ్చు వైద్యులు కారు. చేతితో చికిత్స చేయువారు మాత్రమే. ఒకే పేరు రెండు దేశములలో రెండు విధములుగా నడచుచున్నదని గుర్తుంచుకొనవలెను.

గర్భిణికి ఈ చికిత్స ఎట్లు చేయుదురు? మొదట కూర్చుండబెట్టి అడుగుదురు: నొప్పి ఎప్పుడు మొదలైనది, ఏ పని చేసిన హెచ్చును, ఏ ప్రక్క పరున్న తగ్గును, ఇంతకుముందు కాన్పులెట్లు జరిగినవి, పడుటలు, దెబ్బలు ఉన్నవా యని. తరువాత నిలబెట్టి, నడిపించి చూతురు. చికిత్స కొరకు ప్రక్కవాటుగా పరుండబెట్టి, కడుపు క్రిందను, మోకాళ్ళ నడుమను దిండు లుంచుదురు. నెలలు నిండుచున్న స్త్రీని వెల్లకిల చాలసేపు ఉంచినచో పెద్ద రక్తనాళములపై బరువు పడి కళ్ళు తిరుగును గనుక అట్లు చేయరు. బిగిసిన కండరములను అరచేతితో నిదానముగా సడలింతురు. తుంటి కీలును మెల్లగా ఇటు నటు ఆడింతురు. మరియొక విధమున రోగి చేతనే పని చేయింతురు: చికిత్సకుడు చేయి అడ్డముంచి "దీనిని మెల్లగా నెట్టుము" అనును, ఆమె కొన్ని క్షణములు నెట్టి వదలును, వదలిన తోడనే కండరము మునుపటికంటె మెత్తబడును. పటుక్కుమని చప్పుడు వచ్చునట్లు విరుచుట గర్భిణికి అవసరము లేదు. చేసినది నొప్పిగా ఉన్నచో ఆపుమని చెప్పుటకు ఆమెకు ఎల్లప్పుడు హక్కున్నది.

దీనివలన నిజముగా మేలు కలుగునా? కలుగునని చెప్పువారి మాట నమ్ముట చాలదు, పరీక్షించి చూడవలెను. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమందలి ఫోర్ట్‌వర్త్ పట్టణమున జరిగిన ఒక పరిశోధన 2010లో వెలువడినది. 144 మంది గర్భిణులను చీట్లు వేసినట్లు మూడు జట్లు చేసిరి. అందరికిని మామూలు గర్భిణీ వైద్యము జరిగినది. ఒక జట్టుకు అదనముగా ఆస్టియోపతీ చికిత్స చేసిరి. రెండవ జట్టుకు లోపల పని చేయని అల్ట్రాసౌండు యంత్రమును చికిత్స యనుచు ఒంటిమీద తిప్పిరి. మూడవ జట్టుకు ఏమియు చేయలేదు. నెలలు నిండుకొలది నడుము చేత పనులు చేసికొను శక్తి తగ్గుట సహజము గదా. ఆస్టియోపతీ జట్టులో ఆ తగ్గుదల తక్కువగా ఉన్నట్లు తేలినది.

అంతటితో తృప్తి చెందక, ఇంకను పెద్ద పరీక్ష యొకటి చేసి 2015లో ప్రకటించిరి. ఈసారి 400 మంది. ముప్పదవ వారమునుండి చికిత్స జరిగినది. మామూలు వైద్యము మాత్రమే పొందినవారికంటె ఆస్టియోపతీ పొందినవారికి నొప్పి తక్కువగాను, పనిచేయు శక్తి మెరుగుగాను ఉండెను. కాని పనిచేయని యంత్రము తిప్పించుకొన్నవారికిని ఇంచుమించు అంత మేలే కనబడినది! ఈ సంగతి వినినప్పుడు కొందరు నవ్వుదురు, "అయితే ఇదంతయు భ్రమయేనా?" అందురు. నేను నవ్వలేకపోతిని. ఆ యంత్రములో చికిత్స లేదు, నిజమే. కాని ఆ జట్టులోని స్త్రీ దగ్గర ఒక మనిషి పలుమార్లు కూర్చుండి, నొప్పియున్న చోట చేయి వేసి, ఆమె కొరకు తన కాలమును వెచ్చించెను. ఆ కొంతసేపు ఆమె పరుండినది, పని చేయలేదు. నేను ఆ అమ్మాయికి ఇయ్యనిది సరిగా అదియే. చేతినేర్పు వలన వచ్చిన మేలెంతయో, ఆదరణ వలన వచ్చినదెంతయో ఈ పరీక్ష విడదీయలేకపోయినది. ఆదరణ వలన కొంత మేలున్నదని మాత్రము తోచుచున్నది.

2017లో ఈ విధమైన పరిశోధనలు ఎనిమిదింటిని, మొత్తము 850 మంది స్త్రీలకు సంబంధించినవానిని, ఒకచోట చేర్చి చూచిరి. గర్భకాలమునను, కాన్పు తరువాతను నడుము, కటి బాధలకు ఈ చికిత్సవలన ఒక మోస్తరు ఉపశమనము కలుగునని తేల్చిరి. స్వీడను దేశమందలి గోటెన్‌బర్గ్ నగరమున 386 మంది కటిబాధ గల గర్భిణులపై జరిపిన పరిశోధన 2005లో వెలువడినది. మామూలు వైద్యముతో పాటు కండరములకు పట్టునిచ్చు వ్యాయామములు చేసినవారికిని, ఆక్యుపంక్చర్ సూదులు వేయించుకొన్నవారికిని మేలు ఎక్కువ కలిగినట్లు అందు కనబడెను. అదే నగరమున 123 మందిపై, తలను, త్రికాస్థిని తేలికగా పట్టుకొను పద్ధతిని పరీక్షించి 2013లో ప్రకటించిరి. మేలు కనబడినది గాని చాల స్వల్పము.

కనుక నేను చెప్పదగిన మాట ఇది. ఈ చేతి చికిత్స నొప్పిని తగ్గింపవచ్చును, తుడిచిపెట్టదు. "మీ ఎముక తొలగినది, నేను సరిచేసెదను" అని చెప్పువాడు ఏ దేశమువాడైనను, ఏ పట్టా కలవాడైనను, అతని మాట నమ్మకుడు. ఎముక తొలగలేదు, తొలగనిదానిని సరిచేయుట యుండదు. నెలలు నిండిన స్త్రీని బోర్ల పరుండబెట్టి నడుము త్రొక్కించుట, కడుపు పిసికించుట, బలముగా మెలి తిప్పించుట ప్రమాదకరము. గోరువెచ్చని నూనెతో వీపునకు, కాళ్ళకు మృదువుగా మర్దనము చేయుట మన పెద్దలు ఎరిగినదే, అది హాయినిచ్చును. కాని చేయి ఆపవలసిన చోటు తెలిసియుండవలెను.

మన జిల్లాలలో ఆస్టియోపతీ నేర్చినవారు దొరకుట అరుదు. దానికై విచారింప నక్కరలేదు. ఫిజియోథెరపీ చదివినవారు పట్టణములలో కలరు. వారిలో గర్భిణులకు చికిత్స చేయుటలో అనుభవము గలవారిని అడిగి తెలిసికొని వెళ్ళవచ్చును. కడుపులోతు కండరములకు, పిరుదులకు పట్టునిచ్చు తేలిక వ్యాయామములను వారు నేర్పుదురు. అవసరమైనచో తుంటిచుట్టు కట్టుకొను పట్టీ నిత్తురు. దానిని నడచునప్పుడు కొంతసేపు మాత్రమే కట్టుకొనవలెను. ముందుగా మీ ఆశా కార్యకర్తకు గాని, ఆరోగ్య కేంద్రపు వైద్యునికి గాని చెప్పుడు. 2016నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు జరుపు పథకమున్నది; ఆ దినమున రక్తము, పోటు చూపించుకొనుటతో ఆగక, నొప్పిని గురించి కూడ నోరు విప్పి చెప్పుడు. మందుల అంగడిలో అడిగి నొప్పిబిళ్ళలు మ్రింగవలదు. పారాసిటమాల్ వైద్యుడు చెప్పిన మోతాదులో వాడవచ్చును గాని, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి, ముఖ్యముగా ఐదవ నెల దాటిన తరువాత, బిడ్డకు కీడు చేయవచ్చును.

ఖర్చులేని చికిత్స మరియొకటి కలదు. అది ఇంటివారి చేతిలో నున్నది. బిందెను చంకన పెట్టుకొని మోయుట కటిబాధకు పెద్ద శత్రువు. బరువంతయు ఒకే ప్రక్కకు పడును. ఆ బిందెను ఈ నాలుగు నెలలు మరియొకరు మోయవలెను. వంగి నాట్లు వేయుట, బరువులెత్తుట మానిపింపవలెను. కూరలు తరుగుట, బియ్యమేరుట పీటమీద గొంతుకూర్చుండి కాక, వీపునకు ఆనుడు గల కుర్చీలో కూర్చుండి చేయవచ్చును. దుస్తులు కూర్చుండి తొడుగుకొనవలెను. మెట్లెక్కునప్పుడు నొప్పి తక్కువగల కాలు ముందు పెట్టి, రెండవ కాలిని అదే మెట్టుమీదికి తెచ్చుకొని, ఒక్కొక్క మెట్టే ఎక్కవలెను. మంచముపై ప్రక్క మారునప్పుడు మోకాళ్ళు రెండును దగ్గరగా చేర్చి ఒక్కసారిగా తిరుగవలెను; మోకాళ్ళ నడుమ దిండుంచుకొని పరుండవలెను. కుంగిపోవు నులకమంచము కంటె బిగువైన పరుపు మేలు. ఆటోనుండి దిగునప్పుడు కాళ్ళు రెండును కలిపి బయటికి త్రిప్పి, ఆ తరువాత లేవవలెను. మరుగుదొడ్డిలో పట్టుకొని లేచుటకు గోడకొక పిడి బిగించినచో, ఆ ఖర్చు స్వల్పము. మేలు మాత్రము మరచిపోలేనిది. నడక పూర్తిగా మానరాదు. నొప్పి పుట్టక మునుపే ఆగునంత దూరము, చిన్న అడుగులతో నడవవలెను.

కాన్పును గురించి ఒక మాట. ఈ నొప్పి బిడ్డకు హాని చేయదు. ఈ నొప్పి గలవారిలో చాలమందికి సహజముగానే కాన్పగును. ఇది యొక్కటే ఆపరేషనునకు కారణము కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు ఆపరేషను ద్వారా జరిగినవి. "ఈ నొప్పి భరింపలేను, కోసి తీయండి" అని అడిగిన తల్లులను నేనెరుగుదును. వారిని నేను తప్పుపట్టను. నొప్పిని వినువారు లేనప్పుడు మనిషి కత్తినైనను కోరును. కాని ముందే నొప్పిని వినియుండిన పక్షమున వారిలో కొందరికి ఆ కోరిక పుట్టియే యుండదు. కాన్పు గదిలోని నర్సుకు, వైద్యురాలికి ఈ బాధ ఉన్నదని ముందుగా చెప్పవలెను. ఎంతవరకు మోకాళ్ళు ఎడముగా పెట్టిన నొప్పి కలుగదో చూపింపవలెను. ప్రక్కవాటుగా పరుండి కనుట వీలగునేమో అడుగవలెను. కాన్పైన తరువాత చాలమందికి కొలది నెలలలో నొప్పి పోవును. కొందరికి నిలిచిపోవును, అట్టివారు సిగ్గుపడక మరల వైద్యుని చూడవలెను.

మొదట చెప్పిన అమ్మాయి ఏమైనదో మీరు అడుగవచ్చును. ఆ అత్తగారు నన్ను ప్రశ్నించిన మరునాడే వారి యింటికి పోతిని. తరువాత పట్టణమునుండి ఫిజియోథెరపీ తెలిసిన ఒకామెను పిలిపించి చూపించితిమి. ఆమె చేతితో కండరములను సడలించి, నాలుగు వ్యాయామములు నేర్పి, ప్రక్క మారు విధము చూపినది. నొప్పి పోలేదు, తగ్గినది. అమ్మాయి రాత్రి నిద్రించినది. పెరటిలోనికి తన కాళ్ళమీద నడచిపోయినది. నీళ్ళ బిందెను ఆ అత్తగారే మోసినది. కాన్పు సహజముగా జరిగినది. తరువాత నాలుగు నెలలకు నొప్పి పూర్తిగా పోయినది. ఆ చికిత్సలో నా పాలు తక్కువ. ఆ అత్తగారి పాలు ఎక్కువ. కోడలి నొప్పిని నమ్మి, డాక్టరును నిలదీసిన ఆ తల్లి వంటివారు ప్రతి యింట ఉండవలెనని కోరుకొందును.

చివరకు గ్రంథాలయమువారికి ఒక విన్నపము. ఇరువదియైదు సంవత్సరములు ఈ గదిని నిలిపిన మీకు ఇది పెద్ద పని కాదు. ఆడవారు వచ్చి కూర్చుండి చదువుటకు వారమునకు ఒక మధ్యాహ్నము కేటాయింపుడు. ఆ దినమున ఆశా కార్యకర్తను పిలువుడు. గర్భిణీ ఆరోగ్యమును గురించిన పుస్తకములను ఒక అరలో వేరుగా నుంచుడు. చేతులు, వీపు ఆనుడు గల కుర్చీ యొకటి కొనుడు. నెలలు నిండిన చందాదారు వచ్చినప్పుడు ఆమె బల్లమీద కాక అందులో కూర్చుండవలెను. పురుష సోదరులకు వేరుగా చెప్పునదేమున్నది? నేడు విన్న మాటను ఇంటికి తీసికొనిపోవుడు.

"నాకు నొప్పిగా ఉంది" అని ఒక ఆడపిల్ల అన్నప్పుడు, "మామూలే" అను మాట మన నోట రాకుండుగాక. "ఎక్కడమ్మా?" అని అడుగుదము. చికిత్స అక్కడనే మొదలగును.